గట్టు మీద చిన్న బూట్లు

మా కజుర దీవిలో టొకియె మామ్మ చెయ్యి పడని చెప్పుల జత లేదు. ఆమె చెప్పులు కుట్టేదీ కాదు, అమ్మేదీ కాదు. ఏ గుమ్మం ముందు చెప్పులు విడిచి ఉన్నా వంగి, వాటి ముందు భాగం వీధివైపు తిప్పి, జత జతగా సర్దిపెట్టేది. జ్వరంతో డాక్టరు దగ్గరికి వెళ్ళినా సరే, గుమ్మంలో ఉన్నవన్నీ సర్దాకే లోపలికి వెళ్ళి దగ్గేది. మా ఇవాఒ అయితే, "ఈవిడింట్లో దొంగ పడితే వాడి చెప్పులు కూడా సర్ది, జాగ్రత్తగా వెళ్ళిరా నాయనా అంటుంది" అని ఏడిపించేవాడు. ఇవాఒ పడవ మీద చేపలు పడతాడు. నోరు పెద్దది, మనసు మంచిది.

నేను రేవులో టిక్కెట్ల గదిలో కూర్చుంటాను. పేరు సుగియె. నాకు తెలియకుండా ఈ దీవిలోకి ఎవరూ దిగరు, ఎవరూ వెళ్ళరు. అందుకే ఆ రోజు సంగతి చెప్పాల్సింది నేనే. చెప్పాలని లేదు గాని, ఇంకెవరైనా చెబితే నా తప్పు ఎగరగొట్టేస్తారు. నా తప్పు నేనే చెప్పుకోవడం మర్యాద.

టొకియె పదిహేనో ఏట రేవు పక్కనున్న పెద్ద బసలో పనికి చేరింది. ఊళ్ళనుంచి వచ్చే అతిథులు దిగే ఇల్లు అది. యజమానురాలు మొదటిరోజే ఆమెను గుమ్మంలో కూర్చోబెట్టి చెప్పుల పని నేర్పింది. అతిథి లోపలికి వచ్చి విడిచిన చెప్పులు, అతను బయల్దేరేటప్పటికి బయటికి తిరిగి ఉండాలి. పట్టీలు విప్పి వెనక్కి మడిచి ఉండాలి. రెండింటి మధ్య బొటనవేలంత సందు ఉండాలి. లోపల ఇసక రేణువు కనిపించకూడదు. సందు కాస్త ఎక్కువైనా, తక్కువైనా, విసనకర్ర పిడితో వేళ్ళ కణుపుల మీద ఒక్కటిచ్చేది. నలభై ఒక్క ఏళ్ళు అలా గడిచాయి. యజమానురాలు పోయింది, బస మూతపడింది, ఇల్లు కూల్చి చదును చేశారు. టొకియె వేళ్ళు మాత్రం ఆ పని మానలేదు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు. నీది పుట్టుకతో కూడా రాలేదు, దెబ్బలతో వచ్చింది. ఇది పుడకలతో కూడా పోదు" అనేదాన్ని నేను.

పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే ఆమె దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది. "ఒక్క మగాడి చెప్పులు జీవితమంతా ఏం చూస్తాం సుగియె? నాకు రోజుకో ఇరవై జతలు వచ్చేవి." అని చిగుళ్ళు కనబడేలా నవ్వేది. చెప్పులు చూసి మనిషిని చెప్పేసేది. ఈయన అప్పుల్లో ఉన్నాడు, ఈమె మొగుడితో గొడవపడి వచ్చింది, ఈ పిల్లాడికి బూట్లు బిగుతైనా ఇంట్లో ఎవరూ గమనించలేదు అని. చాలాసార్లు నిజమయ్యేది.

ఆ రోజు మే నెల మొదటి వారం, సెలవులు. పౌర్ణమి మర్నాడు. ఏడాదిలోకెల్లా పెద్ద పోట్లు వచ్చే రోజుల్లో అదొకటి. నీళ్ళు దూరం వెళతాయి, వచ్చేటప్పుడు అంత తొందరగానూ వస్తాయి. మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఇది ఒకరు చెప్పనక్కర్లేదు. బయటివాళ్ళకి చెప్పాలి. చెప్పాల్సినదాన్ని నేనే.

పది గంటల పడవలో ముగ్గురు దిగారు. తండ్రి యసుహిరో, పొడుగాటి మనిషి, చేతిలో కొత్త గాలం. తల్లి మినోరి, భుజాన అన్నం డబ్బాల సంచీ. నాలుగేళ్ళ కూతురు వకాన. నీలం బూట్లు, పసుపు టోపీ. టిక్కెట్టు చింపి ఇస్తుంటే ఆ పిల్ల కిటికీ చట్రానికి గడ్డం ఆనించి నన్ను తేరిపార చూసింది.

"అత్తా, అదేంటి?" అని ఉత్తరం వైపు వేలు చూపించింది.

అక్కడ తీరానికి మూడువందల అడుగుల దూరంలో ఒక రాయి ఉంది. దాని మీద రెండు స్తంభాల ఎర్ర తోరణద్వారం, దాని వెనక పిడికెడంత గుడి. పోటులో చుట్టూ సముద్రమే. ఆటులో నీళ్ళు వెనక్కి పోయి ఇసకదారి తేలుతుంది.

"అది సముద్రపు దేవుడి గుడి" అన్నాను.

"నడిచి వెళ్ళొచ్చా?"

"నీళ్ళున్నప్పుడు వెళ్ళకూడదు. కాసేపు కాచుకుంటే నీళ్ళు వెళ్ళిపోతాయి, దారి వస్తుంది. అప్పుడు వెళ్ళొచ్చు, అమ్మానాన్నలతో."

ఆ చివరి మాట నేను అన్నానో లేదో ఇప్పటికీ ఒట్టేసి చెప్పలేను. వెనక వరస పెరుగుతోంది. అన్నాననే అనుకుంటాను. రోజూ అనుకుంటాను.

వాళ్ళు గట్టు మీదే కూర్చుని అన్నాలు తిన్నారు. ఆ గట్టు ఎలా ఉంటుందో చెప్పకపోతే తరవాతది అర్థం కాదు. బండి పట్టేంత వెడల్పు. దక్షిణాన రేవు, మూడు నిలువుల లోతు. ఉత్తరాన రాతిమెట్లు, మెట్ల కింద ఇసక, ఇసక చివర తోరణం రాయి. తిన్నాక తండ్రి గట్టు కొసకి వెళ్ళి గాలం వేశాడు. మధ్యాహ్నం రెండు దాటాక తల్లి పిల్లతో, "నాన్న దగ్గరికి వెళ్ళు, నేను మొహం కడుక్కుని వస్తా" అని నా గది వెనకున్న కుళాయి దగ్గరికి వచ్చింది. పిల్లకీ తండ్రికీ మధ్య నలభై అడుగులు కూడా లేవు. పిల్ల తల్లి దగ్గరుందని తండ్రి అనుకున్నాడు. తండ్రి దగ్గరుందని తల్లి అనుకుంది. ఇలాంటి పొరపాటు చేయని మొగుడూ పెళ్ళాలు ఎవరైనా ఉంటే వాళ్ళని నాకు చూపించండి.

రెండున్నరకి మినోరి నా కిటికీ దగ్గరికి వచ్చింది. మొహం మామూలుగానే ఉంది. "మా అమ్మాయి ఇటు వచ్చిందాండీ?" అంది. లేదన్నాను. కుళాయి వెనక చూసింది. సైకిళ్ళ వెనక చూసింది. రెండోసారి వచ్చేటప్పటికి అడగలేదు, కేవలం నన్ను చూసింది. నేను గది తాళం కూడా వేయకుండా బయటికి వచ్చేశాను.

తరవాత యసుహిరో కేక వినిపించింది. కేక అంటే మాట కాదు, ఒక చప్పుడు. గట్టు మధ్యలో, రేవు వైపు అంచున నిలబడి కిందికి చూపిస్తున్నాడు. పరిగెత్తాం.

అంచున చిన్న నీలం బూట్లు. రెండూ పక్కపక్కన, పొందిగ్గా, నీళ్ళవైపు తిరిగి ఉన్నాయి.

మా దేశంలో నీటి అంచున సర్దిపెట్టి ఉన్న చెప్పులు కనబడితే ఎవరూ ఏమీ అడగరు. ప్రాణం తీసుకోబోయేవాళ్ళు అలా విడిచి దూకుతారు, ఆ చెప్పుల మనిషి ఎటు వెళ్ళాడో అవే చెబుతాయి. పెద్దవాళ్ళ చెప్పులైతే మేం తల తిప్పుకుని చేతులు జోడిస్తాం. ఇవి అరచేతిలో ఇమిడే బూట్లు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"నాలుగేళ్ళ పిల్ల ఇంత చక్కగా పెట్టుకుంటుందా?" అన్నాను, ఎలాగైనా కాదనిపించుకోవాలని.

"పెట్టుకుంటుంది" అంది మినోరి. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "నేనే నేర్పాను. సర్దకపోతే మళ్ళీ విప్పించి సర్దించేదాన్ని. బడిలో మెచ్చుకుంటారు. వకాన బూట్లే అన్నిటికన్నా నీటుగా ఉంటాయని."

ఆమె ఆ బూట్ల పక్కన కూలబడింది. తాకబోతే ఇవాఒ ఆపాడు. "పోలీసు పడవ వచ్చేదాకా ముట్టుకోవద్దమ్మా. ఎక్కడ దిగిందో తెలియాలి." ఆ మాట అని తనే నాలుక కరుచుకున్నాడు. చొక్కా విప్పి రేవులోకి దూకాడు. యసుహిరో ఈత రాకుండానే దూకబోతే పోస్టాఫీసు మాస్టారు నడుం పట్టుకుని ఆపాడు. పడవలు కదిలాయి. గెడలతో అడుగు వెతికారు. స్తంభాల మీది మైకు ఊరంతా చెప్పింది: నాలుగేళ్ళ పాప, పసుపు టోపీ, కనిపిస్తే రేవుకి కబురు చెయ్యండి. మామూలుగా ఆ మైకు సాయంత్రం ఐదింటికి పిల్లల్ని ఇళ్ళకి పొమ్మని పాట వేస్తుంది. ఆ రోజు ఆ మైకులోంచే ఈ మాటలు వచ్చాయి.

ఇవాఒ మునిగి తేలాడు. ఏమీ లేదు. మళ్ళీ మునిగాడు. ప్రతిసారీ అతని తల నీళ్ళమీదికి రాగానే మినోరి మొహం ఎత్తేది. చేతులు ఖాళీగా ఉండడం చూసి దించేది. ఖాళీగా ఉన్నందుకు సంతోషించాలా, ఏడవాలా? ఆ అరగంట నేను దేవుణ్ణి ఏమని వేడుకోవాలో కూడా తెలియక ఊరికే పెదాలు ఆడించాను.

మాలో ఎవరో ఒకరం ఉత్తరం వైపు చూడాల్సింది. చూడలేదు. బూట్లు రేవువైపు చూస్తున్నాయి కాబట్టి అందరం రేవువైపే చూశాం. పొద్దున్న పిల్ల అడిగిన ప్రశ్న నాకైనా గుర్తు రావాల్సింది. రాలేదు. భయం పట్టుకుంటే బుర్ర ఒక్క గుంటలోనే తిరుగుతుంది.

మూడూ పదికి టొకియె వచ్చింది. ఇంట్లో నాచు ఆరబెట్టుకుంటూ మైకు విందట. చేతులు తడి, మెడలో తువ్వాలు. ముసలావిడ పరుగు లాంటి నడకతో గట్టెక్కి, జనంలోంచి దారి చేసుకుని, మినోరి పక్కకి వచ్చి ఆగింది. ఓదార్చడానికి వచ్చిందనుకున్నాను.

ఆమె మినోరి వైపు చూడనే లేదు. బూట్లనే చూస్తోంది. పట్టీలు విప్పి వెనక్కి మడిచి ఉన్నాయి. రెండింటి మధ్య బొటనవేలంత సందు. లోపల ఒక్క ఇసక రేణువు లేదు. నాలుగేళ్ళ పిల్ల బూట్లు.

అప్పుడు నేనూ చూశాను. ఇరవై ఏళ్ళుగా ప్రతి గుమ్మంలో చూస్తున్న పనితనం అది. చూసి కూడా ఇందాకటినుంచీ నా కళ్ళకి ఆనలేదు.

టొకియె బూట్ల మీదికి వంగింది. "అవి నేను పెట్టాను" అంది. పడవల మోత. ఎవరూ వినలేదు. నాకు వినబడింది గాని నేను ఎవరికీ చెప్పలేదు. ఒక్క క్షణం, నిజం చెప్పాలి, ఆమె ఇంక చెప్పకపోతే బాగుండుననిపించింది. నలభై ఒక్క ఏళ్ళ మంచిపేరు ఆ తల్లి కళ్ళముందు ఏమైపోతుందో నాకు కనబడింది.

టొకియె గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని నుదురు రాతికి ఆనించింది. ఈసారి అరిచింది. "అవి పాప పెట్టలేదు. నేను పెట్టాను. నేను సర్దాను."

అందరూ ఆగిపోయారు. ఇవాఒ నీళ్ళలోంచే, "ఏంటి మామ్మా నువ్వనేది? ఎక్కడివి? ఎక్కడ తీశావు?" అన్నాడు.

"మెట్ల కింద. నాచు ఏరుకుని వస్తుంటే ఇసకలో పడున్నాయి. ఒకటి ఇక్కడ, ఒకటి అంత దూరాన. పోటు వస్తోంది, కొట్టుకుపోతాయని తీసుకొచ్చి, ఇసక దులిపి... ఆ మెట్ల వైపు తడిగా ఉందని ఇటు, మెట్లెక్కి వచ్చేవాళ్ళకి తొడుక్కోవడానికి వీలుగా పెట్టాను. ఎవరి బూట్లో, వాళ్ళొచ్చి తీసుకుంటారనుకున్నాను. ఇప్పుడు వీటిని చూసేదాకా పెట్టినట్టు కూడా గుర్తు లేదురా. చెయ్యి పెట్టేసింది."

"రెండోది ఎటు పడుంది?"

టొకియె తలెత్తకుండానే చెయ్యి చాపింది. "రాయి వైపు."

అప్పుడు అందరం ఒక్కసారే తిరిగాం. ఇసకదారి లేదు. ఉండాల్సిన చోట నీళ్ళు, సుడులు తిరుగుతూ. తోరణం కాళ్ళు రెండూ నీళ్ళలో ఉన్నాయి. రాయి మీద పిల్ల కాదు కదా, పసుపు రంగే లేదు. నాకు పొద్దుటి మాట అప్పుడు గుర్తొచ్చింది. కాచుకుంటే దారి వస్తుందని నేనే కదా చెప్పింది.

యసుహిరో మాస్టారి పట్టు విదిలించుకుని మెట్లు దిగి నీళ్ళలోకి నడిచాడు. నడుముదాకా, ఛాతీదాకా. పోటు అతన్ని పక్కకి ఈడ్చేస్తోంది. ఇద్దరు తాడు కట్టుకుని వెళ్ళి లాక్కొచ్చారు. ఇవాఒ పడవ గట్టు కొస చుట్టి రావాలి. ఎనిమిది నిమిషాలు పట్టింది. నేను టిక్కెట్ల గది గడియారం వైపు చూస్తూనే ఉన్నాను గనక చెబుతున్నాను, ఎనిమిది. ఆ ఎనిమిది నిమిషాలూ మినోరి టొకియెని చూస్తోంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. టొకియె నుదురు రాతి మీదే ఉంది.

పడవ తోరణం పక్కగా గుడి వెనక్కి వెళ్ళింది. మాకు కనబడడం మానేసింది. ఇంజను ఆగింది. తరవాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

అప్పుడు ఇవాఒ గొంతు, నీళ్ళ మీదుగా: "ఉంది. ఉంది. బాగానే ఉంది."

గుడి వెనక మెట్ల మీద, సముద్రానికి ఎదురుగా కూర్చుని ఉందట. ఇంకొక్క మెట్టు మిగిలింది. పౌర్ణమి పోటులో ఆ మెట్టూ ఉండదు, గుడి కప్పు మాత్రమే ఉంటుంది. టోపీ గాలికి పోయింది. ఒళ్ళో ఏరుకున్న గుల్లలు. ఇవాఒ ఎత్తుకోబోతే రానందిట. "టిక్కెట్ల అత్త చెప్పింది. కాచుకుంటే నీళ్ళు వెళ్ళిపోతాయంది. నేను కాచుకుంటున్నా." నీళ్ళు దగ్గరికొచ్చినకొద్దీ ఒక్కో మెట్టూ పైకి జరిగి మరీ కాచుకుంది.

ఇవాఒ ఈ మాట నాకు నవ్వుతూ చెప్పాడు. నేను గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆ రోజునుంచి ఏ పిల్ల అడిగినా ఆ రాయి దగ్గరికి దారి లేదనే చెబుతున్నాను. అబద్ధమే. చెబుతూనే ఉంటాను.

నాలుగూ యాభై పడవ చివరిది. వాళ్ళని ఎక్కించడానికి సగం ఊరు వచ్చింది. టొకియె అందరి వెనక నిలబడింది. మినోరి ఆమె దగ్గరికే వచ్చి నడుం వంచి దండం పెట్టింది.

"నన్ను తిట్టమ్మా" అంది టొకియె. "అక్కడే వదిలేసుంటే నువ్వు చూడగానే అటు పరిగెత్తేదానివి."

"మీరు తియ్యకపోతే నీళ్ళు తీసుకుపోయేవి. మాకు ఏదీ తెలిసేది కాదు" అంది మినోరి.

ఇద్దరి మాటలూ నిజమే. ఏది ఎక్కువ నిజమో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ పడవలో చాప పరిచిన అరుగు ఉంటుంది, చెప్పులు విడిచి ఎక్కి కూర్చోవాలి. రేవులోంచి మాకు బాగా కనబడుతుంది. వకాన అరుగెక్కింది. ఎక్కి, వెనక్కి తిరిగి, మోకాళ్ళ మీద వంగి, తన నీలం బూట్లు రెండూ తీసి పక్కపక్కన పెట్టింది. ముందు భాగం బయటికి, అంటే నీళ్ళవైపు. పెట్టి, అమ్మ మెచ్చుకుంటుందని తలెత్తి చూసింది.

మినోరి కాలితో ఆ బూట్లని తన్నింది. ఒకటి బల్ల కిందికి పోయింది, ఇంకొకటి బోర్లా పడింది. పిల్ల తెల్లబోయి ఏడుపు లంకించుకుంది. మినోరి పిల్లని గుండెలకి అదుముకుని, "వద్దు. సర్దొద్దు. ఇంకెప్పుడూ సర్దొద్దు" అంటోంది. పడవ కదిలింది. ఆ మాటలు ఇంజను మోతలో కలిసిపోయేదాకా వినబడ్డాయి.

నా పక్కన టొకియె కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని నిలబడింది.

అప్పటికి ఆమెకు డెబ్భై మూడు. ఆ తరవాత ఇంకా తొమ్మిదేళ్ళు బతికింది. పుడకలతో కూడా పోదన్న బుద్ధి ఆ రోజే పోయింది. డాక్టరు గుమ్మంలో చెప్పులు ఎలా పడున్నా, చేతులు వెనక్కి కట్టుకుని, కిందికి చూడకుండా దాటేది. ఒకసారి ఆమె లోపల ఉండగా నేనే ఆమె చెప్పులు బయటికి తిప్పి, పట్టీలు విప్పి, బొటనవేలంత సందుతో పెట్టాను. సంతోషిస్తుందనుకున్నాను. బయటికి వచ్చి వాటిని చూసి అక్కడే ఆగిపోయింది. గోడ పట్టుకుంది. తరవాత కాలి మునివేళ్ళతో ఒక చెప్పుని పక్కకి నెట్టి, వంకరగా పడ్డాక, అప్పుడు తొడుక్కుంది.